ఎకరాకు ఎనిమిది ఇళ్లు

లండన్ నగరానికి వాయవ్య దిశలో, హ్యాంప్‌స్టెడ్ హీత్ అనే విశాలమైన పచ్చని మెట్టకు ఆవల, హ్యాంప్‌స్టెడ్ గార్డెన్ సబర్బ్ అనే నివాస ప్రాంతం ఉంది. దాదాపు 5,000 ఇళ్లున్న ఈ పేటలో ప్రహరీ గోడలు అరుదు. ఒక ఇంటి స్థలాన్ని పక్క స్థలం నుంచి వేరుచేసేది నడుమెత్తునో తలెత్తునో కత్తిరించి పెంచిన కంచె మొక్కల వరుస. రోడ్లు నేల వాలును బట్టి మలుపులు తిరుగుతాయి, ఎర్ర ఇటుక గోడల మీద ఏటవాలు పెంకుల కప్పులు కనిపిస్తాయి, లోపలి వీధుల్లో దుకాణం గానీ పబ్బు గానీ ఉండదు. బ్రిటన్‌లో కలిగినవారు కాపురముండే పాత పేటల్లో ఇది పేరెన్నికగన్నది. అయితే దీన్ని తలపెట్టింది కలిగినవారి కోసం మాత్రమే కాదు. వారం వారం కూలి తీసుకునే కార్మికుడూ, స్థితిమంతుడైన వ్యాపారీ ఒకే పేటలో, ఒకే చెట్ల వరుస వెంట నివసించాలన్న సంకల్పంతో 1907లో దీని నిర్మాణం మొదలైంది. ఆ సంకల్పం చెదిరిపోగా, దాని కోసం రాసుకున్న నియమాలు మాత్రం నూరేళ్లు దాటినా చెక్కుచెదరలేదు.

ఆ నియమాలు ఎందుకు పుట్టాయో తెలియాలంటే అంతకు ముందరి ఇంగ్లండు వీధులను గుర్తుచేసుకోవాలి. 19వ శతాబ్దంలో పారిశ్రామిక నగరాలు ఇష్టారాజ్యంగా పెరిగి, కలరా వంటి వ్యాధులకు నెలవులైన తరవాత, స్థానిక ప్రభుత్వాలు రోడ్డు ఇంత వెడల్పు ఉండాలి, పెరడు ఇంత వదలాలి అంటూ ఉపవిధులు చేశాయి. గాలి వెలుతురు కొంత మెరుగుపడ్డాయి గానీ, భూమి యజమానులు ఆ విధుల హద్దు దాకా గీసి గీసి ఇళ్లు కట్టడంతో, ఒకే గోడను పంచుకునే ఇరుకిళ్లు వరుసకు వరుసగా, ఎకరాకు నలభై దాకా, మైళ్ల తరబడి లేచాయి. హ్యాంప్‌స్టెడ్ గార్డెన్ సబర్బ్ నిర్మాతలు పెట్టుకున్న కొలత ఎకరాకు సగటున 8 ఇళ్లు. తెలుగువారికి అలవాటైన లెక్కలో చెప్పాలంటే, రోడ్లూ తోటలూ అన్నీ కలుపుకొని ఇంటికి 605 చదరపు గజాలు. కూలి ఇంటికి ఇంత నేల వదలడమన్నది ఆనాటి స్థిరాస్తి వ్యాపారికి పిచ్చితనంగా తోచి ఉంటుంది.

ఈ ఆలోచన వెనక ఉన్న వ్యక్తి హెన్రియెటా బార్నెట్. 1851లో పుట్టిన ఈమె, మతాచార్యుడైన భర్త శామ్యూల్ బార్నెట్‌తో కలిసి, తూర్పు లండన్‌లోని నిరుపేద ప్రాంతం వైట్‌చాపెల్‌లో మూడు దశాబ్దాలు పనిచేసింది. విశ్వవిద్యాలయాల్లో చదివిన యువకులు పేదవారి మధ్యనే నివాసముండి వారితో కలిసి పనిచేయడానికి 1884లో ఆ దంపతులు టోయిన్బీ హాల్‌ను స్థాపించారు. పేదరికాన్ని అంత దగ్గరి నుంచి చూసిన హెన్రియెటా ఒక నిర్ణయానికి వచ్చింది: పేదలను ఒక చోట, ధనికులను మరొక చోట విడదీసి ఉంచడమే సగం అనర్థానికి మూలమనీ, ఒకరి జీవితం మరొకరి కంటపడితే తప్ప పరస్పర గౌరవం పుట్టదనీ. ఈ నమ్మకంలో కొంత అమాయకత్వమూ, పైతరగతివారు కిందివారికి మంచీ మర్యాదా నేర్పుతారన్న పెద్దరికపు ధోరణీ ఉన్నాయి. దాన్ని దాచి ఆమెను పొగడవలసిన అవసరం లేదు.

బార్నెట్ దంపతులకు హ్యాంప్‌స్టెడ్ హీత్ అంచున వారాంతాల్లో విశ్రాంతి తీసుకునే ఇల్లొకటి ఉండేది. భూగర్భ రైలు మార్గం ఆ వైపుకు రాబోతున్నదని 1896లో తెలిసినప్పుడు, స్టేషను వచ్చిన చోటల్లా వరుస ఇళ్లు పుట్టగొడుగుల్లా లేస్తాయని ఎరిగిన హెన్రియెటా, ఎదురుగా ఉన్న పొలాలను కాపాడడానికి ఉద్యమం నడిపింది. ఆ పొలాలు ఈటన్ కళాశాల ఆస్తి. చందాలు పోగుచేసి, స్థానిక సంస్థలను ఒప్పించి, హీత్‌కు ఆనుకొని ఉన్న 80 ఎకరాలను ప్రజల విహారభూమిగా నిలబెట్టడం మొదటి అడుగు కాగా, దాని చుట్టూ ఉన్న 243 ఎకరాలను కొని ఆదర్శ నివాసం కట్టడం రెండోది. ఒక స్త్రీ పేర అంత భూమి ఇవ్వడానికి ఈటన్ తరపువారు సంకోచించడంతో, ఆమె ఇద్దరు ప్రభువులను, ఒక బిషప్పును, మరికొందరు పలుకుబడి గల పెద్దలను కూడగట్టి 1906లో ట్రస్టు ఏర్పాటు చేసింది. గోల్డర్స్ గ్రీన్ స్టేషను 1907 జూన్‌లో తెరుచుకుంది. అంతకు నెలన్నర ముందు, మే 2న, సబర్బ్ కోసం తొలి పార నేలలో దిగింది. ఏ రైలు వల్ల పొలాలు పోతాయని ఆమె భయపడిందో ఆ రైలే లేకపోతే ఈ పేటకు మనుగడ లేదు: రెండు పెన్నీల టికెట్టుతో కార్మికుడు నగరంలోని పనికి వెళ్లి రాగలడన్న లెక్క మీదనే పథకమంతా నిలబడింది.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. ఎబెనెజర్ హోవర్డ్ 1898లో ప్రతిపాదించిన ‘ఉద్యాన నగరం’ తన కర్మాగారాలు, తన పొలాలు, తన మార్కెట్టు తనకే ఉండే స్వతంత్ర పట్టణం, లెచ్‌వర్త్ అటువంటిది. ‘ఉద్యాన శివారు’ అలాకాక పెద్ద నగరాన్ని అంటిపెట్టుకొని, బతుకుతెరువుకు దాని మీదే ఆధారపడుతుంది. లెచ్‌వర్త్‌కు నమూనా గీసిన రేమండ్ అన్విన్, బారీ పార్కర్‌ల జంటలో అన్విన్‌కే హెన్రియెటా ఈ పని అప్పగించింది. అతడు ఆ భూమిలోనే ఉన్న వైల్డ్స్ అనే పాత పొలం ఇంటికి మకాం మార్చి, 1940లో మరణించే దాకా అతని నివాసం అదే.

అన్విన్ మనసులోని రోడ్డుకు ఉపవిధులే అడ్డం వచ్చాయి. నాలుగు కుటీరాలకు దారి తీసే సందు కూడా ప్రధాన వీధి అంత వెడల్పుండాలని చట్టం శాసిస్తే, ఆ ఖర్చంతా అద్దె మీద పడుతుంది, తోటకు మిగలవలసిన నేల రాతిపలకల పాలవుతుంది. అందుకని ఈ ఒక్క ప్రాంతం కోసం పార్లమెంటులో ప్రత్యేక బిల్లు పెట్టించి, 1906లో హ్యాంప్‌స్టెడ్ గార్డెన్ సబర్బ్ చట్టం తెచ్చుకున్నారు. ఎదురెదురు ఇళ్ల మధ్య కనీసం 50 అడుగుల ఎడం ఉండాలని, ఎకరాకు 8 ఇళ్ల సగటు దాటరాదని ఒప్పుకున్నందుకు బదులుగా, 500 అడుగులకు మించని చిన్న దారులను 20 అడుగుల వెడల్పుతోనే వేసుకునే వెసులుబాటు దొరికింది. ఒక చివర మూసుకుపోయి, మూడు వైపులా ఇళ్లతో, నడుమ పచ్చికతో ఉండే ‘క్లోజ్’ అనే అమరిక ఇంగ్లండులో ఇంత విరివిగా కనిపించడం ఈ వెసులుబాటుతోనే మొదలైంది. కార్మికుల కోసం తొలినాళ్లలో కట్టిన ఆస్మన్స్ ప్లేస్ దీనికి చక్కని ఉదాహరణ: కుటీరాలు చిన్నవే, గదులు ఇరుకే, కానీ ప్రతి వంటింటి వెనకా కూరగాయల మడి వేసుకునేంత పెరడు, ఇంటి ముందు బండ్లు రాని నిశ్శబ్దం. కాలినడకన పోయేవారి కోసం కంచె మొక్కల నడుమ వదిలిన సన్నని బాటలను స్థానికులు ‘ట్విటెన్’లంటారు, ఒక వీధి నుంచి మరో వీధికి, అక్కణ్ణుంచి బిగ్ వుడ్, లిటిల్ వుడ్ అనే పాత అడవుల్లోకి అవే దగ్గరి దారులు. ఆ అడవుల్లో చెట్లు కొట్టి ప్లాట్లు వేయకపోవడం, అవి అందరికీ తెరిచి ఉండాలని ముందే రాసుకోవడం ఈ పథకంలో మెచ్చదగిన సంగతులు.

హెన్రియెటా పెట్టిన షరతులు చదివితే ఒక గట్టి గృహిణి ఊరినంతా తన ఇంటిలా దిద్దుకుంటున్నట్లు ఉంటుంది. స్థలాల మధ్య గోడలు కట్టరాదు, కంచె మొక్కలో తీగల అల్లికో ఉండాలి. ప్రతి వీధికీ చెట్లుండాలి, వాటి రంగు కంచె మొక్కల రంగుకు నప్పాలి. రణగొణ ధ్వని కూడదు, చివరకు చర్చి గంటలు సైతం మోగరాదు. పబ్బులు లేవు, దుకాణాలు అంచులకే పరిమితం. ఎత్తైన నడిబొడ్డున సెంట్రల్ స్క్వేర్ అనే చౌకును ఎడ్విన్ లుట్యెన్స్ రూపొందించాడు. ఆంగ్లికన్ సంప్రదాయపు సెయింట్ జూడ్ చర్చి ఒక పక్క, ఇతర ప్రొటెస్టెంటు శాఖలవారి ఫ్రీ చర్చి ఎదురుగా, రెంటి నడుమ పెద్దల చదువు కోసం కట్టిన ఇన్‌స్టిట్యూట్. భవనాలుగా అవి గంభీరమైనవే. కానీ సంత లేదు, టీ కొట్టు లేదు, నిలబడి పదిమందితో కబుర్లాడే నెపమే లేదు. వాస్తుశిల్ప విమర్శకులు ఆ చౌకులో జీవం లేదని మొదటి నుంచీ అంటూనే ఉన్నారు, వారి మాట కాదనడం కష్టం. ఇప్పుడు అక్కడి సందడంతా హెన్రియెటా పేరు మీద 1911లో మొదలైన బాలికల పాఠశాలది; ప్రభుత్వ పాఠశాలే అయినా ప్రవేశ పరీక్ష కఠినం, ఏటా కొద్ది సీట్లకు వేలాది మంది పోటీపడతారు.

సమాజంలోని అన్ని రకాలవారికీ ఇళ్లు కట్టాలన్న మాట తొలి ఏళ్లలో ఉత్తమాట కాదు. ‘సహభాగస్వామ్య’ సంఘాలు ఇళ్లు కట్టి అద్దెకిచ్చేవి. అద్దెకున్నవాడు ఆ సంఘంలో వాటాలు కొనుక్కుంటే, ఇల్లు సంఘం పేర ఉన్నా లాభంలో భాగం అతనికి చేరేది. వృద్ధుల కోసం ఆర్చర్డ్ అనే చిన్న ఇళ్ల సముదాయం, ఉద్యోగాలు చేసుకొనే ఒంటరి స్త్రీల కోసం బెయిలీ స్కాట్ రూపొందించిన వాటర్లో కోర్ట్ 1909లో వచ్చాయి. వాటర్లో కోర్టులో నడిమి పచ్చిక చుట్టూ మఠాల్లో ఉండే వసారా వంటి నడవ, దాని మీదుగా ఎవరి గదులకు వారి తలుపు. పెళ్లికాని ఉద్యోగినికి ఇల్లు అద్దెకివ్వడమే గగనమైన కాలంలో అది చిన్న విషయం కాదు.

మరి కార్మికులు ఎటు పోయారు? మొదటి ప్రపంచయుద్ధం తరవాత ఇటుక ధర, కూలి ధర పెరిగి, తక్కువ అద్దెకు కుటీరం కట్టడం ఏ సంఘానికీ గిట్టుబాటు కాలేదు; తూర్పు వైపున కొత్తగా చేర్చిన భూమిలో లేచినవన్నీ మధ్యతరగతివారి, ధనికుల ఇళ్లే. అంతకన్నా లోతైన కారణం ఆ కొలతలోనే ఉంది. ఎకరాకు ఎనిమిదే ఇళ్లు అన్నప్పుడు, చుట్టూ నగరం పెరుగుతున్నకొద్దీ లోపలి ఇళ్ల సంఖ్య పెరగదు, పచ్చదనం తరగదు, కావాలనుకునేవారు మాత్రం ఏటేటా ఎక్కువవుతారు. సరుకు పెరగకుండా గిరాకీ పెరిగితే ధర ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు. ఆస్మన్స్ ప్లేస్ పరిసరాల్లో వడ్రంగులకూ గుమాస్తాలకూ కట్టిన చిన్న కుటీరాలు సైతం ఇవాళ పది లక్షల పౌండ్ల దరిదాపుల్లో పలుకుతాయి. నటి ఎలిజబెత్ టేలర్ 1932లో పుట్టింది ఇక్కడి వైల్డ్‌వుడ్ రోడ్డులోని ఇంట్లోనే. 1964లో ప్రధాని అయ్యేదాకా హెరాల్డ్ విల్సన్ ఇక్కడి సౌత్‌వే అనే వీధిలో ఉండేవాడు. తూర్పు అంచున ఉన్న బిషప్స్ అవెన్యూలో విదేశీ కుబేరులు కొని వదిలేసిన మహాసౌధాలు కొన్ని ఏళ్ల తరబడి ఖాళీగా ఉండి, కప్పులు కారి పాడుపడ్డాయని పత్రికలు రాశాయి.

అయినా ఆలోచన వృథా పోలేదు, దాని చిరునామా మారింది. ఇక్కడ నేర్చిన పాఠాలతో అన్విన్ ప్రభుత్వ సేవలో చేరి, 1918లో వెలువడిన ట్యూడర్ వాల్టర్స్ నివేదికలో ప్రధాన పాత్ర వహించాడు. పట్టణాల్లో ఎకరాకు 12 ఇళ్లకు మించరాదన్న ఆ నివేదిక సిఫారసు, మరుసటి ఏటి గృహనిర్మాణ చట్టంతో ఊరూరా పురపాలక సంస్థలు అద్దెకు కట్టిన లక్షలాది ఇళ్లకు ఒరవడి అయింది. ముందు చిన్న తోట, వెనక పెరడు ఉన్న ఇల్లు బ్రిటిష్ కార్మికునికి దక్కింది. సబర్బ్‌లో కాదు, ప్రభుత్వపు కాలనీల్లో.

సబర్బ్‌లో నివసించడమంటే ఏమిటో తెలియాలంటే అక్కడి భూమి హక్కు సంగతి కొంత చూడాలి. మొదట ఇంటిదారుకు దక్కింది దీర్ఘకాలపు కౌలు హక్కు మాత్రమే. నేల ట్రస్టుది, ఏటా దానికి కొంత భూమి శిస్తు చెల్లించాలి, ట్రస్టు అనుమతి లేకుండా ఇంటి రూపు మార్చకూడదు. 1967లో వచ్చిన కౌలు సంస్కరణ చట్టం ఇటువంటి కౌలుదార్లకు నేలను కొనుక్కునే హక్కు ఇచ్చింది. నేల చేతులు మారితే షరతులు కూడా పోతాయి గనుక, ఆ చట్టంలోనే ఒక మినహాయింపు పెట్టారు: ఒక ప్రాంతపు రూపురేఖలు కాపాడవలసినవని తేలితే, అక్కడ హైకోర్టు ఆమోదంతో ‘నిర్వహణ పథకం’ అమలు చేయవచ్చు. సబర్బ్‌కు 1974లో అటువంటి పథకం వచ్చింది. దీని ప్రకారం ఇల్లూ నేలా పూర్తిగా సొంతమైనవారు సైతం కిటికీ చట్రం మార్చాలన్నా, కప్పు పెంకు రకం మార్చాలన్నా, ముందు తోటను చదును చేసి కారు నిలుపుకోవాలన్నా, ఎదిగిన చెట్టు కొమ్మ నరకాలన్నా ట్రస్టు అనుమతి తీసుకోవాలి; పచ్చిక, బాటల నిర్వహణకు ఏటా రుసుము కట్టాలి. 500 పైచిలుకు భవనాలు ప్రభుత్వపు రక్షిత జాబితాలో ఉన్నాయి గనుక, స్థానిక పురపాలక సంస్థ అనుమతులు వేరే.

ఈ ఏర్పాటులో రోజువారీ తగాదా ఎక్కువగా రెండు వస్తువుల చుట్టూ తిరుగుతుంది, ఒకటి కిటికీ, రెండోది కారు. చిన్న చిన్న గాజు పలకలను సీసపు పట్టీలతో కూర్చిన పాత కిటికీలు చూడడానికి అందమే గానీ చలికాలంలో వెచ్చదనం నిలవదు. ప్లాస్టిక్ చట్రం వేస్తే చౌక, వీధి అందం పోతుంది. 1907 నాటి పటంలో కారుకు చోటే లేదు. ఇరవై అడుగుల దారిలో రెండు వైపులా కార్లు నిలిపితే చెత్త బండికి దారి ఉండదు, పోనీ ముందు తోటలో నిలుపుదామంటే కంచె మొక్క కొట్టాలి, దానికి అనుమతి దొరకదు. పక్కింటివాడు తోటంతా సిమెంటు చేయడన్న భరోసాకు బదులుగా తన తోట మీద తన ఇష్టాన్ని వదులుకోవడమే ఇక్కడి బేరం. దీన్ని నియంతృత్వమని విసుక్కునేవారూ అక్కడే ఉన్నారు, ఆ నియమాల వల్లనే తమ ఇంటి విలువ నిలిచిందని ఎరిగినవారూ అక్కడే ఉన్నారు, తరచుగా ఇద్దరూ ఒకరే.

ఈ నియమాలు మతాచారంతో తలపడిన సందర్భం కూడా ఉంది. గోల్డర్స్ గ్రీన్, సబర్బ్ ప్రాంతాల్లో యూదుల జనాభా గణనీయం. ఆచారం కచ్చితంగా పాటించే యూదులు విశ్రాంతి దినమైన శనివారం ఇంటి హద్దు దాటి ఏ వస్తువూ మోయరు, పసిబిడ్డ బండి కూడా నెట్టరు. అయితే ఒక ప్రాంతం చుట్టూ స్తంభాలతో, తీగలతో, ఉన్న గోడలతో కలిపి అవిచ్ఛిన్నమైన హద్దు ఏర్పరిస్తే, ఆ లోపలంతా ఒకే ఇంటి కింద లెక్క. ఆ హద్దును ‘ఎరూవ్’ అంటారు. 1990లలో దీని ప్రతిపాదన రాగా, స్తంభాలు వీధుల అందం చెడగొడతాయని కొందరు, ఒక మతపు గుర్తు అందరి మీదా రుద్దడమేనని మరికొందరు వ్యతిరేకించారు. వ్యతిరేకించినవారిలో యూదులూ ఉన్నారు. ఏళ్ల వాదోపవాదాల తరవాత 2003లో 80కి పైగా స్తంభాలతో అది అమలులోకి వచ్చింది. ఇప్పుడు ఆ సన్నని స్తంభాలను వీధి దీపాల కంబాల నుంచి వేరుచేసి చూపమంటే దారిన పోయేవారు తడుముకుంటారు.

సబర్బ్ చౌకు పని ఇంకా సాగుతుండగానే, 1912లో లుట్యెన్స్ భారత రాజధాని నిర్మాణ కమిటీ సభ్యుడిగా ఢిల్లీకి వచ్చాడు. వెడల్పాటి చెట్ల బాటలు, వెనక్కి జరిపి కట్టిన బంగళాలు, చుట్టూ పచ్చిక ఇక్కడా కనిపిస్తాయి. తేడా ఏమిటంటే, ఇక్కడ అన్ని తరగతులూ కలవాలన్న కోరిక పేరుకైనా లేదు. హోదా ఎంతో స్థలం అంత, ప్రభుత్వ సౌధాలున్న రైసినా కొండకు దగ్గరగా పెద్ద దొర, దూరంగా భారతీయ గుమాస్తా. అక్బర్ రోడ్డు చింతలు, జన్‌పథ్ తెల్లమద్దులు, అశోకా రోడ్డు నేరేళ్లు మాత్రం దారిన పోయే ఎవరికైనా నీడనిస్తాయి. వానాకాలం మొదట్లో రాలే నేరేడు పళ్లు ఏరుకొని అమ్మేవారికి అవే నాలుగు వారాల జీవనాధారం. నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కోసం 1920ల చివర లుట్యెన్స్ కట్టిన హైదరాబాద్ హౌస్, దాని పొరుగున అశోకా రోడ్డులోని ఆంధ్రా భవన్ ఈ వలయంలోనివే. ఆ భవన్ భోజనశాలలో గోంగూర పచ్చడి కోసం బారులు తీరే జనాన్ని చూస్తే, తక్కినదంతా గేట్లు మూసుకున్న ఆ బంగళాల మధ్య సామాన్యునికి తెరిచి ఉన్న చోట్లలో అదొకటని తెలుస్తుంది.

హైదరాబాదులో ఈ కోవకు చెందవలసింది బంజారా హిల్స్. 1930ల నాటికి మెహదీ నవాజ్ జంగ్ వంటివారు గుట్టలను పగలగొట్టకుండా, రాళ్లను గోడల్లో కలుపుకొని ఇళ్లు కట్టి ఒక దారి చూపారు. ఆ పద్ధతిని తరవాతివారి మీద కట్టుబాటుగా ఉంచే పత్రం గానీ, పక్కవాడు ఉల్లంఘిస్తే నిలదీసే ట్రస్టు గానీ లేకపోవడంతో, ఎకరాల తోటలు ముక్కలై, ప్రధాన రహదారుల వెంట బంగళాలు షోరూములకూ ఆసుపత్రులకూ స్థలమిచ్చాయి. పక్కనే జూబ్లీహిల్స్ సరిహద్దులో దాదాపు 390 ఎకరాల పచ్చదనం మిగిలింది ఇళ్లవారి ఒప్పందంతో కాదు. నిజాం కుటుంబపు చిరాన్ ప్యాలెస్ ఆవరణను 1998లో కాసు బ్రహ్మానందరెడ్డి పేర జాతీయ ఉద్యానవనంగా ప్రకటించడంతో వన్యప్రాణి చట్టం దానికి కాపలా అయింది. అందువల్ల అక్కడి పచ్చదనం ప్రతి ఇంటి గుమ్మం ముందూ ఉండదు, కంచె లోపల, టికెట్టు కొనుక్కొని నడిచే బాట వెంట ఉంటుంది. దాని చుట్టూ రోడ్లు వెడల్పు చేసి ఫ్లైఓవర్లు కట్టే ప్రతిపాదనలు వచ్చినప్పుడల్లా, ఉదయపు నడకకు వచ్చేవారే ప్లకార్డులు పట్టుకొని గేటు ముందు నిలబడుతున్నారు.